ఉగాది దాకా ఉతకొద్దు

నేను ఒక ప్యాంటుని. పట్టుపంచెగా పుట్టి ఉంటే పురాణం విప్పేదాన్ని. ప్యాంటుని కాబట్టి నా దగ్గర విప్పడానికి గుండీలు తప్ప ఏమీ లేవు. అయినా కాళ్లున్నాయి గనక నడిచాను, జేబులున్నాయి గనక కొంత దాచాను. ఆ నడిచిందీ దాచిందీ ఇప్పుడు మీ ముందు దులుపుతాను. దుమ్ము లేస్తే ఏమీ అనుకోకండి.

మా వంశం పేరు రా డెనిమ్. ఆ పేరుతోనే నా బతుకులో మొదటి రభస మొదలైంది. హైదరాబాద్‌లో ఒక పెద్ద మాల్‌లో, మెత్తటి దీపాల కింద నన్ను పెళ్లికూతురిలా పడుకోబెట్టారు. మండపేట నుంచి బావమరిదితో కలిసి వచ్చిన భీమేశ్వరరావు గారు నా మీద చెయ్యి వేసి, "ఇదేం గుడ్డయ్యా, తడికలా ఉంది?" అన్నారు. సేల్స్‌మ్యాన్ నన్ను రెండు చేతులా పైకెత్తి గర్వంగా, "ఇది రా డెనిమ్!" అన్నాడు.

భీమేశ్వరరావు గారి చెవికి అది "ఇదిరా డెనిమ్!" అని చేరింది.

"ఏవయ్యా, నీ వయసెంత, నా వయసెంత? మునిసిపాలిటీలో సీనియర్ అసిస్టెంటుని. పట్టుకుని 'ఇదిరా' అంటావా?"

"అయ్యో సార్, రా సార్! రా!" అన్నాడు అతను కంగారులో.

"మళ్లీ రా అంటన్నాడు చూడు సోంబాబూ!"

సోంబాబు అంటే బావమరిది. కాకినాడలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఉంది. పక్కవాడికి షాక్ కొడితే తప్ప ముఖం వెలగని రకం. ఆ వేళ వెయ్యి క్యాండిళ్ల బల్బులా వెలిగిపోయాడు. "బావా, రా అంటే పచ్చిదని. ఉడకెయ్యని బియ్యంలా, ఉతకెయ్యని గుడ్డన్నమాట. అతనన్నది నిన్ను కాదు, ప్యాంటుని."

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా!"

ఆ విధంగా 'రా' అంటే ఈ లోకంలోకి వచ్చాను. వచ్చాక 'పో' అన్నవాళ్లే ఎక్కువ.

నా పుట్టుక సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, పుట్టుక గురించి ఎక్కువ చెప్పుకునేవాళ్లంటే నాకే విసుగు. గుజరాత్‌లో ఒక మిల్లులో నా నూలుని మోకులా పేని నీలిమందు తొట్టెలో ముంచారు. తీయగానే ఆకుపచ్చగా ఉన్నాను. గాలి తగలగానే నీలమయ్యాను. మళ్లీ ముంచారు, మళ్లీ ఆరేశారు. మునగడం మా జీన్స్‌లోనే ఉంది. ముంచడం మనుషుల జీన్స్‌లో ఉంది. ఎంత ముంచినా ఆ నీలం నా నూలు పైపైనే పట్టింది, లోపలి పోగు తెల్లగానే ఉండిపోయింది. అందుకే ఒరిపిడి తగిలిన చోటల్లా నా లోపలి తెలుపు బయటపడుతుంది. మనుషుల్ని నడుము దాకా దగ్గర్నుంచి చూశాక తెలిసింది, వాళ్లది సరిగ్గా దీన్ని తిరగేసిన అద్దకం. పైన మల్లెపూవు తెలుపు. కాస్త రాపిడి తగిలితే చాలు, లోపల్నుంచి చెప్పకూడని రంగులన్నీ వస్తాయి.

మా దాయాదులు కొందరున్నారు. కుట్టగానే వాళ్లని రాళ్లతో కలిపి ఉతికి, మోకాళ్లు ఉప్పుకాగితంతో గీకి, చింపి మరీ అమ్ముతారు. పుట్టిన రోజునే షష్టిపూర్తి అన్నమాట. జనం ఎగబడి కొంటారు. అదే మనుషులు తమ జుట్టుకి మాత్రం నల్లరంగు వేసుకుంటారు. నన్ను అలా పాడుచెయ్యలేదు. మాసినా, వెలిసినా, చిరిగినా అది నన్ను తొడుక్కున్నవాడి పుణ్యమే.

సేల్స్‌మ్యాన్ శాంతించాక ఉపదేశం మొదలుపెట్టాడు. "బిగుతుగా తీసుకోండి సార్. వేసుకోగా వేసుకోగా ఒంటికి తగ్గట్టు సాగుతుంది."

"నా ఒళ్లూ సాగుతోందయ్యా. ఇద్దర్లో ఎవరు ముందంటావు?"

"ఏడాది పాటు రోజూ వేసుకోవాలి సార్. ఉతక్కూడదు. మీరు నడిచే తీరు, కూర్చునే తీరు, జేబులో పెట్టుకునే వస్తువులు, అన్నీ దీని మీద అచ్చుపడిపోతాయి. ఇలాంటి ప్యాంటు ప్రపంచంలో ఇంకెవరికీ ఉండదు."

సోంబాబు పగలబడి నవ్వాడు. "ఏడాదా? మా బావా?"

ఆ నవ్వులో ఒక చరిత్ర ఉంది. భీమేశ్వరరావు గారు మంచివారు, కానీ మొదలుపెట్టేవారే తప్ప ముగించేవారు కారు. గిటారు కొన్నారు, మూడు తీగలు తెగాక నాలుగోది ముట్టలేదు. మిద్దె మీద సొరపాదు పెట్టారు, పూత దాకా నీళ్లు పోసి పిందె సమయానికి మానేశారు. ఇంటి గేటుకి పచ్చరంగు కొట్టారు. రెండు తలుపుల్లో ఒకటి పచ్చగా, ఒకటి తుప్పుగా ఇప్పటికీ మండపేట రాజావారి వీధిలో నిలబడి ఉన్నాయి, పోస్టుమ్యాన్ గుర్తు కూడా అదే. ఇవన్నీ లెక్కగట్టి సోంబాబు ఆయనకి పెట్టిన పేరు అర్ధాంతరేశ్వరరావు. ముద్దుగా సగం బావ. పెళ్లిళ్లలో పేరంటాల్లో పిల్లలు కూడా 'సగం మావయ్యా' అని పిలుస్తారు. అందరితో పాటు ఆయనా నవ్వేవారు. నవ్వి, పెరట్లోకి వెళ్లి కాసేపు ఒంటరిగా నిలబడేవారట. ఈ సంగతి నాకు తరవాత తెలిసింది, ఆయన కాళ్లు నాలోకి వచ్చాక.

మాల్‌లో మాత్రం ఆయన మీసం సవరించుకున్నారు. "పందెం కాయి సోంబాబూ. ఈ ఉగాది నుంచి వచ్చే ఉగాది దాకా. రోజూ వేసుకుంటాను. నీటి చుక్క తగలనివ్వను."

"గెలిస్తే?"

"ఉగాది నాడు చుట్టాలందరి ముందూ చెప్పాలి, మా బావ పూర్తి బావ అని. ఆ సగం ముక్క ఇంకెవరి నోటా వినపడకూడదు."

"ఓడిపోతే?"

"ఓడిపోతే ఏవుంది, ఉన్న సగం ఎటూ పోదుగా!"

అలా నా నెత్తిన, అంటే నడుము పట్టీ మీద, ఒక మనిషి పరువు పడింది.

ఉగాది నాడు ఆయన నన్ను తొడుక్కున్న ఘట్టం చెప్పి తీరాలి. నిలబడి ప్రయత్నించారు, కూర్చుని ప్రయత్నించారు, చివరికి మంచం మీద వెల్లకిలా పడుకుని ఊపిరి బిగబట్టారు. గుండీ పెట్టడానికి గుండె ధైర్యం కావాలని ఆ పూట తెలిసింది. నడుం బిగించడం అనే మాటని ఆయన కన్నా అక్షరాలా పాటించినవాణ్ణి నేను చూడలేదు. గుమ్మంలో నిలబడి ఈ ఫిట్ చూసిన ఇల్లాలికి ఫిట్స్ వచ్చినంత పనైంది.

ఇల్లాలి పేరు మాణిక్యాంబ. భీమేశ్వరుడి పక్కన మాణిక్యాంబ ఉంటుందని ద్రాక్షారామం వెళ్లినవాళ్లందరికీ తెలుసు. అక్కడి అమ్మవారు శాంతమూర్తి అన్నదొక్కటే తేడా. శుభ్రం అంటే ఈవిడకి ప్రాణం. కుళాయికి కూడా సబ్బు పెట్టి తోమే మనిషి. అలాంటి ఇంట్లో ఉతకని ప్యాంటుగా బతకడం అంటే ఏమిటో మీరే ఊహించుకోండి.

"ఏవండోయ్, నీళ్ల పన్ను ఆఫీసులో పనిచేసే మనిషి ఇంట్లో నీళ్లకి కరువా? ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారు?"

"ఏడాదే మాణిక్యం."

"ఏడాదా! మా చిన్నప్పుడు గేదెని కూడా వారానికోసారి కడిగేవాళ్లం."

నన్ను ఉతకలేదు గానీ, నా తరఫున ఆయన్ని రోజూ ఉతికి ఆరేసేది. నేను మాత్రం వైశాఖం, జ్యేష్ఠం దాటి, మాసానికి మాసం మరింత మాసిపోతూ, నా దారిన నేను బొమ్మ గీసుకుంటూ పోయాను. తొడల మీద కూర్చున్నప్పుడల్లా పడే మడతలు పిల్లి మీసాల్లా విచ్చుకున్నాయి. మోకాళ్ల వెనక తేనెపట్టు గళ్లు కట్టాయి. కుడి జేబు మీద తాళాల గుత్తి ఒక్కో పన్ను విడివిడిగా అచ్చుపడింది. నడుము దగ్గర ఊపిరాడనంత బిగుతుగా ఉన్నదాన్ని నెమ్మదిగా సాగి, ఆయన బొజ్జతో రాజీకొచ్చాను. కాపురాలు నిలబడేదీ ఇలాగే అనుకుంటాను: ముందు బిగుతు, తరవాత సాగుడు, ఆ పైన ఎవరి అచ్చు ఎవరి మీద పడిందో తెలియనంత అలవాటు.

నాకో దుర్గుణం ఉంది. కూర్చున్న చోటల్లా రంగు వదులుతాను. చుట్టాలింటి తెల్ల సోఫా మీద రెండు నీలపు అర్ధచంద్రాలు, ఆఫీసు ప్లాస్టిక్ కుర్చీలో ఒక నీలపు చెరువు, మాణిక్యాంబ గారి మీగడ రంగు చీర కొంగున ఒక నీలపు మేఘం. వేలిముద్రలు వేసేవాళ్లు ఉద్యోగానికి పనికిరారంటారు. ఇంతింత ముద్రలు వేసే ఆయనకి మాత్రం ఇంక్రిమెంటు కూడా వచ్చింది.

వానాకాలం దాటేసరికి వాసన మొదలైంది. అది నా వాసన కాదు, ఆయనదే. నేను దాచానంతే. ఫోన్‌లో ఎవరో చెప్పారట, ఇలాంటి ప్యాంటుని ఉతక్కుండా ఫ్రీజర్‌లో పెడితే వాసన చచ్చిపోతుందని. ఒక ఆదివారం ఆయన నన్ను కాళ్లు మడిచి ఫ్రీజర్‌లో కూరి, అమాయకంగా పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. మధ్యాహ్నానికి మాణిక్యాంబ గారు ఐసు కోసం తలుపు తీశారు. గడ్డకట్టిన నా ఎడమ కాలు ఠక్కున బయటికొచ్చి ఆవిడ భుజం మీద వాలింది.

"బాబోయ్! ఫ్రిజ్‌లో కాలుందండీ!"

ఆ కేకకి ముందుగా పరుగెత్తుకొచ్చింది పక్క వాటాలో అద్దెకుండే పేర్రాజు మాస్టారు. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక కూతురి దగ్గరికి రాజమండ్రి రమ్మంటే, మండపేట మిరపకాయ బజ్జీ వదిలి రానని చెప్పిన రసికుడు. ఆయన వచ్చేసరికి నన్ను గోడకి ఆనించి ఉంచారు, మంచుకి బిగుసుకుపోయి లోపల మనిషి లేకుండానే నిటారుగా నిలబడి ఉన్నాను. మాస్టారు నన్ను చూశారు. భార్యాభర్తలిద్దర్నీ చూశారు. కళ్లజోడు సర్దుకుని నా మోకాలి దగ్గర వంగి కూర్చున్నారు.

"ఏమోయ్ భీమేశం, ఈ గీత నువ్వు స్కూటర్ మీద కుడికాలు కింద పెట్టి ఆగడం వల్ల పడిందే కదూ?"

"అవునండీ మాస్టారూ! మీకెలా తెలిసింది?"

"రోజూ చూస్తున్నాగా. ఇదిగో, ఇది నువ్వు కూరగాయల బండి దగ్గర వంగోడం. అమ్మా మాణిక్యం, దీన్ని ఉతక్కు తల్లీ. నలభై ఏళ్లు పిల్లల చేత కుండీ, అందులో పువ్వు గీయించాను, అందరివీ ఒకేలా వచ్చాయి. నీ మొగుడు పెన్సిలు ముట్టకుండా తన బొమ్మ తనే గీసుకుంటున్నాడు."

"బొమ్మ బాగానే ఉంది మాస్టారూ, కంపే భరించలేకపోతున్నాం."

"ఆయిల్ పెయింటింగూ అంతేనమ్మా. ఆరేదాకా ముక్కు మూసుకోవాలి."

మాస్టారి మాట కాదనలేక ఆవిడ ఒక ఒప్పందానికి వచ్చింది: ప్యాంటుకి గుమ్మం బయటే చిలక్కొయ్య, లోపలికి లుంగీతోనే ప్రవేశం. ఆ రోజు నుంచి సాయంత్రాలు నాకు పండగే. ఆఫీసు నుంచి వచ్చాక భీమేశ్వరరావు గారు నన్ను విప్పకుండా అరుగు మీద కూర్చునేవారు, మాస్టారు వచ్చి పక్కన కూర్చునేవారు. బజ్జీలు వచ్చేవి. ఊళ్లో కబుర్లన్నీ తిరిగి, చివరికి నా దగ్గరికి వచ్చేవి. కొత్తగా ఏ మడత తెల్లబడిందో మాస్టారు చూసి చెప్పాలి, ఈయన మురిసిపోవాలి. కార్తీకం వచ్చింది, పుష్యం వెళ్లింది. ఇంత కాలం ఒక పనిని వదలకుండా పట్టుకోవడం భీమేశ్వరరావు గారి జీవితంలో ఉద్యోగం, పెళ్లి కాకుండా ఇదే మొదటిది. నడకలోనే తేడా వచ్చింది. నాకు తెలుస్తుంది కదా, నడిచేది నాలోనే. సోంబాబు ఫోన్ చేసి "ఏంటి సగం బావా, ఉతికేశావా?" అంటే, "ఉగాదికి రారా, నువ్వే చూద్దువుగాని" అనేవారు ధీమాగా.

ఫాల్గుణం చివరికొచ్చింది. ఉగాదికి ఇంకో వారం ఉందనగా ఆయన ఆఫీసు పని మీద కాకినాడ వెళ్లారు. అక్కడ ఉండగా ఫోనొచ్చింది. మాణిక్యాంబ గొంతు.

"ఏవండీ, మాస్టారు... పొద్దున కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉన్నారండీ. డాక్టరుగారు వచ్చి చూసి వెళ్లారు. ప్రాణం లేదంట."

సోంబాబు తన స్కూటర్ మీద తీసుకొచ్చాడు. వీధి మొగలోకి వచ్చేసరికి పాడె కట్టడం అయిపోయింది. రాజమండ్రి నుంచి కూతురు వసుంధర వచ్చేసింది; కొడుకుల్లేరు గనక నిప్పు పట్టుకున్నది ఆ అమ్మాయే. ఈయన స్కూటర్ దిగుతుండగా మాణిక్యాంబ గారు గేటు దగ్గర అడ్డుపడ్డారు. చేతిలో ఇస్త్రీ మడత నలగని పాత ప్యాంటు.

"లోపలికెళ్లి ఇది వేసుకోండి. ఆ ప్యాంటుతో శ్మశానానికి వెళ్తే తడపాల్సొస్తుంది. వారమేగా ఉంది ఉగాదికి."

నా చెవులు, అంటే బెల్టు లూపులు, నమ్మలేకపోయాయి. ఏడాదిగా బకెట్టు పట్టుకుని నా వెంట పడ్డ మనిషి!

"మాస్టారికి నన్ను దీంట్లో చూడ్డమే అలవాటు మాణిక్యం" అన్నారాయన. అప్పటికే ఎవరో పిలుస్తున్నారు, ఇంకో భుజం కావాలని. వెళ్లి భుజం పెట్టారు.

సగం దారిలో దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. పోయినవారి చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పిలవాలి, పలుకుతారేమో అని. వసుంధర పిలిచింది. "స్నేహితులెవరైనా పిలుస్తారా" అన్నారు పంతులు గారు. భీమేశ్వరరావు గారు మోకాళ్ల మీద కూర్చున్నారు, నా మోకాళ్లకి రోడ్డు మీది మట్టి అంటింది. "మాస్టారూ" అన్నారు. "మాస్టారూ" అన్నారు. మూడో పిలుపు సగంలోనే ఆగిపోయింది. ఆ సగానికి సోంబాబు నవ్వలేదు.

దహనం అయ్యాక అందరూ పంట కాలువ రేవుకి చేరారు. మా వైపు ఆచారం మీకు తెలుసు, శవం వెంట వెళ్లినవాళ్లు కట్టుబట్టలతో మునిగి, తడిబట్టలతో వెళ్లి ఆ ఇంట్లో దీపం చూసి, ఆ తరవాతే ఇంటికి పోవాలి. తెలివైనవాళ్లు కొందరు "ఇంటికెళ్లి చేస్తావండీ, జలుబు" అంటూ బైకుల వైపు జారుకున్నారు. మనిషి పోతే జాలి, నీళ్లు చల్లగా ఉంటే జలుబు. సోంబాబు బావని పక్కకి లాగాడు.

"బావా, డిక్కీలో లుంగీ ఉంది. అది కట్టుకుని మునుగు. ప్యాంటు మా కొట్టుకి పట్టుకుపోతాను, మైలా గియిలా అన్నీ నేను పడతాను. ఉగాది నాడు తెస్తాను. ఎవరికీ చెప్పను."

"నేను గెలవాలని ఉందేంట్రా నీకు?"

"ఏమో బావా. ఏడాది నుంచి కాకినాడలో కనపడ్డవాడికల్లా చెప్పుకుంటన్నాను, మా బావ ఇంకా ఉతకలేదు, ఇంకా ఉతకలేదు అని. కొట్టుకొచ్చినోళ్లు బల్బు అడక్కుండా ప్యాంటు సంగతి అడుగుతున్నారు. వారం! ఒక్క వారం ఆగలేవా?"

భీమేశ్వరరావు గారు చితి వైపు చూశారు. పొగ తిన్నగా పైకి లేస్తోంది.

"మాస్టారు ఆగారేంట్రా, ఉగాది దాకా?"

"అయితే సగం బావవే అయిపోతావు మళ్లీ."

"అయిపోతాను" అని చెప్పులు విడిచి మెట్లు దిగారు.

మొదటి మెట్టు మీద నీళ్లు నా అంచు తాకాయి. నా గుడ్డ అంచున మిల్లువాళ్లు నేసిన ఎర్రదారం నలుగురికీ కనపడేలా కాళ్ల దగ్గర పైకి మడిచి తిరిగారు కదా ఏడాదంతా, ఆ మడత విప్పారు. మోకాలు మునిగింది. తొడ మునిగింది. ఆయన నడుము దాకా దిగి, ముక్కు మూసుకుని, ఒక్క మునక వేశారు. నాలో దాచుకున్నవన్నీ ఒకేసారి సెలవు తీసుకున్నాయి: వేసవి చెమట, బజ్జీల నూనె, స్కూటర్ గ్రీజు, దింపుడు కల్లం మట్టి. వాటి వెనకే తొట్టెలో అంత కష్టపడి పట్టించుకున్న నా నీలం.

వేసవి ముందు కదా, కాలువ బక్కచిక్కి రేవు దగ్గర నీళ్లు మందకొడిగా ఉన్నాయి. నీలం తాపీగా విచ్చుకుంది. ముందు పంతులు గారి పంచె అంచుకి తగిలింది. తరవాత ఆయన జంధ్యం. తరవాత మునుగుతున్న పదిమంది తువ్వాళ్లు, బనీన్లు.

"ఇదేంటండీ బాబూ, నీళ్లు నీలంగా ఉన్నాయి!"

"పైన ఎవడో రంగుల ఫ్యాక్టరీ వాడు వదిలేశాడండీ!"

"ఫ్యాక్టరీ కాదండి, పురుగుమందండి! నోట్లోకి పోనివ్వకండి, పైకి రండి, పైకి రండి!"

పంట కాలువ కాస్తా ప్యాంటు కాలువై కూర్చుంది. జనం ఒకరి మీద ఒకరు పడుతూ మెట్లెక్కారు. ఒకాయన పుక్కిలించి ఉమ్మేస్తున్నాడు, ఒకాయనకి అప్పుడే కడుపులో తిప్పుతోందట. ఇంకొకాయన తడి చేత్తోనే ఫోన్ తీసి, "కలెక్టరాఫీసుకి చెప్తానండి, ఊరకే వదలకూడదు" అంటున్నాడు. పంతులు గారు జంధ్యం వేలితో ఎత్తిపట్టుకుని, "ఆయ్, ఇదెక్కడి అపచారం!" అంటున్నారు. చవితి చంద్రుణ్ణి చూసినవాడి నెత్తిన నీలాపనింద పడుతుందంటారు. ఇక్కడ పాపం, ఊరూ పేరూ లేని ఫ్యాక్టరీ నెత్తిన నా నీలపు అపనింద పడింది.

నీళ్లలో మిగిలింది భీమేశ్వరరావు గారొక్కరే. నీలం మధ్య నిలబడి చెయ్యెత్తారు.

"ఫోను పెట్టెయ్యండి. అది ఫ్యాక్టరీ కాదండీ. నా ప్యాంటు."

ఫోన్ పట్టుకున్నాయన దాన్ని చెవి దగ్గర్నుంచి దించాడు.

"పురుగుమందూ కాదండీ, నీలిమందు. ఎవరికీ ఏమీ అవ్వదు. ఉగాది నుంచి ఉతకలేదండీ, అందుకని."

"ఏ ఉగాది?" అన్నారు పంతులు గారు.

"పోయిన ఉగాది."

పైమెట్టు మీద కూర్చుని ఉన్న వసుంధర తలెత్తింది. పొద్దుట్నుంచి ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది. ఆ అమ్మాయి గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఏడుపేమో అనుకుని అందరూ తిరిగి చూశారు. నవ్వు.

"ఇదేనా ఆ ప్యాంటు, బాబాయ్ గారూ? ఆదివారం ఫోన్ చేస్తే నాన్న నా సంగతి అడిగేవారు కాదు, మీ ప్యాంటు సంగతి చెప్పేవారు. మొదటిసారి నీళ్లలో పడ్డాకే అసలు బొమ్మ తేల్తుందంట కదా. ఒకసారి పైకి రండి, చూస్తాను."

ఆయన పైకొచ్చారు. నేనూ నన్ను మొదటిసారి చూసుకున్నాను. మురికి పోయేసరికి తెలుపు తెలుపుగా, నీలం నీలంగా విడిపోయి, మీసాలు, తేనెపట్టు, తాళాల గుత్తి, అన్నీ చెక్కినట్టు బయటపడ్డాయి. పుక్కిలిస్తున్నవాడు కూడా దగ్గరికొచ్చాడు. సోంబాబుకి ఎక్కడ లేని హుషారు వచ్చింది. తనే గీసినట్టు వేలుపెట్టి చూపించడం మొదలెట్టాడు. "ఇదిగోండి, ఇది బావ స్కూటర్ ఆపడం. ఇది కూరగాయలు ఏరడం. ఇవి ఆఫీసు తాళాలు, పళ్లతో సహా!"

"మరి ఇదేంటండీ?" అన్నారు పంతులు గారు.

ఎడమ తొడ మీద, మోకాలికి జానెడు పైన, ఏ మడతకీ చెందని వెలిసిన మచ్చ. అరచెయ్యంత ఉంది.

"ఫోనండి" అన్నారొకరు.

"అక్కడ జేబేదండి, ఫోను పెట్టుకోడానికి?"

"బజ్జీ నూనె అయ్యుంటుంది."

భీమేశ్వరరావు గారికీ తెలియలేదు. తన చెయ్యి దాని మీద పెట్టి చూసుకున్నారు. కుదరలేదు, మచ్చలో వేళ్లు మోకాలి వైపు కాకుండా అడ్డంగా లోపలికి తిరిగి ఉన్నాయి. రేవు మెట్టు మీద కూర్చున్నారు. కూర్చుని, ఎడమ పక్కకి చూశారు. అక్కడెవరూ లేరు. అప్పుడు చెప్పారు.

"మాస్టారిదండీ. ఆయనకి నవ్వొస్తే తన తొడ చరుచుకోరు. పక్కవాడిది చరుస్తారు. రోజూ సాయంత్రం నాకు ఎడంపక్కనే కూర్చునేవారు."

వసుంధర కింద మెట్టు మీదికి దిగి, ఆ మచ్చ మీద తగలకుండా, కొలత చూస్తున్నట్టు తన చెయ్యి గాల్లో పెట్టింది.

"నాన్న చెయ్యి ఇంతకన్నా పెద్దదండీ బాబాయ్ గారూ."

"పెద్దదేనమ్మా. ఈ గుడ్డ తడిస్తే ముడుచుకుంటుంది. అప్పుడే పట్టేస్తోంది నాకు, చూడు."

పై మెట్ల మీదున్నవాళ్లకి వినపడలేదు. "ఏంటంట? ఏంటంట?" అని తొంగిచూశారు. సోంబాబు అటు తిరిగాడు. అందరికీ చెప్పాడు.

"మాస్టారి చెయ్యండి. తడిసి చిన్నదైంది."